మంచు సముద్రంపై రాడార్ కన్ను: శనగ ధరకు ఎంత సంబంధం?

నంద్యాల, ఆళ్లగడ్డ గోదాములలో శనగలు నిల్వ పెట్టిన వర్తకునికి మన పంట ఒక్కటే చూస్తే చాలదు. కెనడా, రష్యాల పసుపు బఠాణీ చౌకగా దిగితే పిండి మిల్లులు అటు మొగ్గుతాయి, శనగ మెత్తబడుతుంది. 2023 డిసెంబరులో బఠాణీపై సుంకం ఎత్తివేశాక ఇది అందరికీ అనుభవమే. మరి ఉత్తరాన మంచు కరిగి ఓడలకు దారి తెరుచుకున్నదన్న వార్తకు స్టాకిస్టు కంగారు పడాలా?

కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ రేవు 1931లో ధాన్యం ఎగుమతి మొదలుపెట్టింది. అక్కడ ఓడలు తిరిగేది ముఖ్యంగా జూలై చివరి నుండి అక్టోబరు వరకే. మిగతా కాలం మంచుగడ్డే. అది ఎప్పుడు విడుతుందో ఓడ యజమానికీ, బీమా కంపెనీకీ ముందే తెలియాలి. పొగమంచులోనూ రాత్రివేళా మామూలు కెమెరా పనికిరాదు. అందుకే కెనడా 1995 నవంబరులో రాడార్‌శాట్ ఉపగ్రహాన్ని పంపింది. 2019 జూన్‌లో మూడు ఉపగ్రహాల జట్టు వెళ్లింది.

రాడార్ తన అలలను తానే పంపి, తిరిగి వచ్చినదాన్ని కొలుస్తుంది. మబ్బు అడ్డు కాదు. గరుకు మంచు తెల్లగా, నిశ్చలమైన నీరు నల్లగా పడతాయి. చిక్కు ఏమిటంటే, గాలికి రేగిన నీరూ తెల్లగానే కనబడుతుంది. కొత్త పలుచని మంచు నీటివలె నల్లగా ఉంటుంది. గింజ కొరికి తేమ చెప్పే పాత దలాలీకి ఉన్నంత అనుభవం ఈ చిత్రం చదివేవానికీ కావాలి. అలా చదివి, పదింట ఎన్ని వంతులు మంచు ఉన్నదో పటంపై కోడిగుడ్డు ఆకారపు గుర్తులో వేస్తారు.

అయినా మన శనగకు ఈ పటం దూరపు చుట్టమే. కెనడా బఠాణీ ఎక్కువగా వాంకూవర్ నుండి, రష్యా సరుకు ఎక్కువగా నల్ల సముద్రం నుండి వస్తాయి. పైగా 2017 మేలో వరదలకు చర్చిల్ రైలుమార్గం తెగింది. ఆ వేసవి, మరుసటి వేసవి సముద్రం తెరుచుకున్నా ధాన్యం కదలలేదు. 2019లోగాని ఎగుమతి మళ్లీ మొదలు కాలేదు. ధరను కదిపేది సుంకమే: 2017 నవంబరులో 50 శాతం, 2025 నవంబరు 1 నుండి 30 శాతం.

రాడార్ అసలు అక్కరకు వచ్చేది వరి బేరగాళ్లకు. మంచు చూసిన ఆ రాడార్‌శాట్ చిత్రాలతోనే మన శాస్త్రజ్ఞులు మబ్బుల కింది ఖరీఫ్ వరి విస్తీర్ణం లెక్కగట్టారు. నాట్ల నీరు నల్లగా పడి, పైరు పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. 2012 ఏప్రిల్‌లో మన రీశాట్-1, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్-04 శ్రీహరికోట నుండి వెళ్లాయి. ఇటువంటి చిత్రాలతో పంట లెక్కలు కట్టే మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రం 2012 నుండి ఢిల్లీలో ఉన్నది. కె.సి. కాలువ కింద సోనా కొనేవారు దాని అంచనాలు చూస్తుండాలి.