రిపేర్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

రాజమహేంద్రవరం దానవాయిపేటలో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. మాఘమాసం ముహూర్తాలు వచ్చాయంటే శుభలేఖలు కూర్చే డీటీపీ కుర్రాళ్ల నుంచి ఒకటే ఫోన్లు: "అన్నా, కరెంటు పోయొచ్చింది, ప్రోగ్రాం తెరుచుకోవట్లేదు. తీసేసి మళ్లీ ఎక్కించెయ్యనా?"

"ఆగు తమ్ముడూ, ముందు రిపేర్ నొక్కు" అంటాను.

1999లో ఆఫీస్ 2000తో పాటు విండోస్ ఇన్‌స్టాలర్ వచ్చింది. ఆ పద్ధతిలో ఎక్కిన ప్రతి ప్రోగ్రాముకీ ఒక చిట్టా ఉంటుంది: ఏ ఫైలు ఎక్కడుండాలి, వెర్షన్ ఎంత అని. రిపేర్ అంటే ఆ చిట్టా పట్టుకుని డిస్కు తనిఖీ చేయడమే. లేని ఫైలును తెచ్చి పెడుతుంది, పాత వెర్షన్‌ను మారుస్తుంది. అంతకన్నా కొత్తది కనిపిస్తే మామూలుగా ముట్టుకోదు.

వెర్షన్ నంబరు లేని ఫైళ్ల దగ్గర చూపించే జాగ్రత్త నాకు భలే ఇష్టం. సెట్టింగులు రాసుకునే ఫైళ్లు ఇలాంటివే. ఫైలు పుట్టిన తేదీకన్నా మార్చిన తేదీ తర్వాతిదైతే, మనిషే కావాలని దిద్దుకున్నాడనుకుని వదిలేస్తుంది. కుర్రాడు ఓపిగ్గా అమర్చుకున్నవి అలాగే మిగులుతాయి. అన్నీ బలవంతంగా తిరగరాయమనే ఆదేశమూ ఉంది. అది ఇచ్చేముందు మాత్రం ఆ ఫైళ్లు వేరేచోట కాపీ పెట్టుకోండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. విండోస్ ఫోల్డరులో ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డరు ఉంటుంది. చోటు కోసం దాన్ని తుడిచేసేవాళ్లను చూస్తుంటాను. చిట్టాల కాపీలు ఉండేది అక్కడే. అవి పోతే రిపేరూ కుదరదు, ప్రోగ్రాం తీసేయడమూ కుదరదు.