మూలుగ మార్పిడి – తదనంతర వైద్యము

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను దాని యెల్లలలో అధికభాగము ఆంధ్రదేశమును తాకుచున్నది. ఇచ్చట ఇంటిభాష చాలవరకు తెలుగు, కచేరీభాష కన్నడము, పెద్ద ఆసుపత్రుల కాగితముల భాష ఆంగ్లము. మామూలు జ్వరమునకు ఈ మూడుభాషల చిక్కు పెద్దది కాదు. కాని రక్తపు కేన్సరు వచ్చి, దూరపు పట్టణమున మూలుగ మార్పిడి జరిగి, రోగి యిల్లు చేరిన పిదప ఒక్క మాట అర్థము కాకపోవుటయే ప్రాణముమీదికి రావచ్చును. అట్టి కాగితములు పట్టుకొని బడిపంతులయొద్దకు వచ్చువారు మా వైపున కలరు. వారికి తెలియవలసిన విషయములనే ఇచ్చట విశదపరచుచున్నాను. వైద్యుని మాటకు ఇది బదులు కాదు.

మూలుగ యననేమో మాంసాహారులకు చెప్పనక్కరలేదు. ఎముకల నడుమనుండు మెత్తని పదార్థమది. మన ఆయుర్వేదము సప్తధాతువులలో దానిని మజ్జ యని పేర్కొనినది. అయితే ఆ వరుసలో రక్తము రెండవది, మజ్జ ఆరవది. మజ్జనుండి రక్తము పుట్టునను భావము అందు లేదు. రక్తకణములు మూలుగలోనే పుట్టుచున్నవని 1868లో జర్మను పండితుడు ఎర్నెస్టు నాయ్‌మన్ వెల్లడించెను. ఆరోగ్యవంతుని మూలుగ దినమునకు సుమారు 20,000 కోట్ల ఎఱ్ఱకణములను పుట్టించుచుండును. ఈ కర్మాగారములో పనికిరాని కణములు అదుపుతప్పి పెరుగుటయే ల్యుకేమియా.

రక్తపు కేన్సరులన్నిటికి మార్పిడి అవసరమనుకొనుట పొరపాటు. పిల్లలకు తరచుగా వచ్చు ల్యుకేమియా చాలమందికి మందులతోనే నయమగును. ఒక జాతి దీర్ఘకాలిక ల్యుకేమియాకు 2001 నుండి ఇమాటినిబ్ అను మాత్ర లభించుచున్నది. మందులకు లొంగని వానికి, తిరిగి వచ్చిన వానికి, తిరిగి వచ్చునను భయము మెండుగా గలవానికి మార్పిడి చేయుదురు. డోనాల్ థామస్ అను అమెరికను వైద్యుడు 1957లో ఈ ప్రయత్నమును ప్రకటించెను. 1990లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. మన దేశమున బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో 1983లోను, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1986లోను ఈ చికిత్స ఆరంభమైనది.

ఇది కత్తితో చేయు శస్త్రచికిత్స కాదు. ముందుగా తీవ్రమైన మందులతో రోగి మూలుగను అణచివేసి, దాత కణములను రక్తము ఎక్కించినట్లే నరముద్వారా ఎక్కింతురు. అవి తమంతట ఎముకలలోనికి చేరి, రెండుమూడు వారములలో పని మొదలుపెట్టును. అంతవరకు రోగికి తెల్లకణముల రక్షణ దాదాపు శూన్యము. తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా సరిపోలు అవకాశము నాలుగింట ఒకటి మాత్రమే. తల్లిదండ్రులు సగము సరిపోలుదురు. ఈ కాలమున సగము పోలికతోను చికిత్స చేయగలుగుచున్నారు.

అసలు చిక్కు ఆ తరువాతనే. ఇల్లరికము వచ్చిన అల్లుడు ఇంటివారినే పరాయివారుగ నెంచి తగవులాడినట్లు, దాత కణములు రోగి శరీరమును శత్రువుగ భావించి దాడిచేయును. ఈ ఉపద్రవమునకు మన భాషలో వాడుకలోనున్న పేరు లేదు. కాగితములపై ఆంగ్లాక్షరములలో ‘జీవీహెచ్‌డీ’ యని యుండును. దాతృకణముల దాడి యనిన మనవారికి బోధపడునని నా తలంపు. తొలిదశలో అది ముఖ్యముగ మూడుచోట్ల కనబడును: చర్మము, ప్రేగులు, కాలేయము. అరచేతులు, అరికాళ్లు ఎఱ్ఱబారి దద్దురులు లేచును. నీళ్లవలె విరేచనములగును. కన్నులు పచ్చబడును.

ఈ మూడింటికిని మన పల్లెలలో ఇదివరకే పేర్లున్నవి, మందులున్నవి! మొదటిదానిని ‘వేడిచేసినది’ అందుము. రెండవదానికి పలుచని మజ్జిగ పట్టింతుము. మూడవదానికి కామెర్ల పసరు పోయింతుము. పెద్దల యింటివైద్యమును నేను తూలనాడను. కాని మార్పిడి జరిగినవాని విషయమున ఈ మూడు పేర్లును మోసగించును. పసరు కాలేయమును మఱింత చెఱచవచ్చును. మార్పిడి చేసిన వైద్యునికి ఆ దినమే తెలుపవలయును. తొలుత స్టెరాయిడు మందులిత్తురు. వానికి లొంగనిచో రుక్సోలిటినిబ్ మొదలగునవి కలవు. నెలలు గడచిన పిమ్మట కన్నులు, నోరు ఎండుట, చర్మము బిగియుట, ఆయాసము కనబడినచో అది దీర్ఘకాలపు రూపము కావచ్చును.

ఈ దాడిని ముందుగనే అడ్డుకొనుటకు వాడు మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని పుట్టుక తెలుగువారు తెలిసికొనదగినది. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలను చేరిరి. వారి బృందము ఫోలికామ్లమును, ఆపై దానికి విరోధులగు మందులను తయారుచేసినది. వానిలో అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చెను. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితములలో 16 మందికిగాను 10 మందికి, కొంతకాలమే యైనను, వ్యాధి తగ్గినది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించిరి. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టము మెథోట్రెక్సేట్. 1986లో సియాటిల్ వైద్యులు దీనిని సైక్లోస్పోరిన్‌తో కలిపి యిచ్చిన దాడి తగ్గునని చూపిరి. మార్పిడి తరువాత 1, 3, 6, 11వ దినములలో కొద్ది మోతాదున నిచ్చుట నేటికిని పద్ధతి. నోటిపూత దీని ప్రసిద్ధ దుష్ఫలితము.

తొలి నూరుదినములు ఆసుపత్రి సమీపముననే యుండుమందురు. బెంగుళూరు మనకు సుమారు 160 కిలోమీటర్లు. గది అద్దె, కూలిపోవుట, వేరుసెనగ కోతకాలము – వీని మూలమున పలువురు తొందరపడి యింటికి రాజూతురు. వైద్యుని యనుమతి లేక రారాదు. వచ్చిన పిదపను కాయ నూర్చుచోటికి, గడ్డివాములయొద్దకు రోగిని పోనీయరాదు. తడిసిన గడ్డిలోను, ముక్కిన కాయలోను పెరుగు బూజు అతని ఊపిరితిత్తులకు ప్రమాదకరము. నీరు కాచి చల్లార్చి యిత్తురుగాక. 100.4 డిగ్రీల జ్వరము వచ్చినచో తెల్లవారువఱకు ఆగక బయలుదేరవలయును.

ఇంకొక సంగతి. మనము తెలుగువారమైనను కార్డులు కర్ణాటకమువి. సరిహద్దుకు అవతలి ప్రభుత్వపు ఆరోగ్యపథకము మనకు వర్తింపదు. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకమును గూర్చి చికిత్సకు ముందే ఆసుపత్రిలో విచారించుకొనవలయును. చిన్ననాటి టీకాలు సయితము మార్పిడి పిమ్మట వైద్యుడు చెప్పిన కాలమున మరల వేయించుకొనవలసియుండును. మునుపటి టీకాల రక్షణ మూలుగతోపాటు చాలవరకు పోవును. రక్తపు గ్రూపు కూడ దాతదిగ మారవచ్చును గనుక, పాత గ్రూపు వ్రాసియున్న చీటీలను చూపక క్రొత్త కాగితమునే వెంట నుంచుకొనవలయును.