పల్లె రైల్వే స్టేషన్

తిరుచానూరు అనగానే పద్మావతీ అమ్మవారి ఆలయం, కార్తిక మాసంలో పంచమీతీర్థానికి తరలివచ్చే జనసందోహం జ్ఞప్తికి వస్తాయి. రేణిగుంట, తిరుపతిల నడుమ ఆ ఊరి పేరుతో ఒక రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఒకప్పుడు అది చిన్న స్టేషన్. తిరుపతి స్టేషన్ రద్దీని పంచుకొనడానికి దానిని విస్తరించారు. ఆ సందడిని వెనుక వదలి, రైలు తిరుపతిని దాటి పాకాల వైపు సాగితే చంద్రగిరి వంటి చిన్న స్టేషన్లు ఎదురవుతాయి. దూరాన కొండలు, చెట్టు నీడన ఒక సిమెంటు బల్ల, పసుపుపచ్చని పలక మీద నల్లని అక్షరాలతో ఊరి పేరు. ఇంతే వాటి వైభవం.

ఈ ప్రశాంతతకు ఒక కారణం ఉంది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలో ఈ ప్రాంతానికి మీటరు గేజి మార్గం వచ్చింది. కాలక్రమంలో అది బ్రాడ్ గేజిగా మారినా, తిరుపతి, పాకాల, కాట్పాడిల నడుమ ఒంటి మార్గంగానే మిగిలింది. ఒంటి మార్గం మీద ఎదురెదురుగా వచ్చే రైళ్ళు స్టేషన్లో మాత్రమే తప్పుకోగలవు. దీనినే క్రాసింగ్ అంటారు. ఒక రైలు పక్క పట్టాల మీద నిలిచి, రెండవది సాగిపోయేవరకు వేచి ఉంటుంది. ముందరి స్టేషన్ అనుమతి లభించిన తరువాతనే దానికి సిగ్నల్ పడుతుంది. ఆ కొద్దిసేపు ప్రయాణికుడికి పల్లెగాలి సోకుతుంది. పక్షుల కూత వినిపిస్తుంది. సాంకేతిక అవసరమే సౌందర్యానికి అవకాశమిచ్చింది.

2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 104 కిలోమీటర్ల ఈ మార్గాన్ని 1,332 కోట్ల రూపాయల వ్యయంతో జంటమార్గంగా మార్చడానికి ఆమోదం తెలిపింది. అది పూర్తయితే క్రాసింగ్ నిరీక్షణ తొలగుతుంది. రైళ్ళ వేగం పెరుగుతుంది. అది ఆహ్వానించదగినదే. కాని వేగం కోసం చిన్న స్టేషన్లలో రైళ్ళు ఆగడం మానితే నష్టపోయేది పల్లెవాసులే. పట్నంలో చదివే విద్యార్థికి, కూరగాయల గంప మోసుకొని పోయే రైతుకు పాసింజరు రైలు చౌక ప్రయాణ సాధనం. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు నిలిచినప్పుడు, ఆ లోటు ఎంతటిదో వారికి అనుభవమైంది.

జపాన్ దేశపు హొక్కైడో ద్వీపంలో క్యూ-షిరతాకి అనే చిన్న స్టేషన్ ఉండేది. దానిని నిత్యం ఉపయోగించిన కొద్దిమందిలో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థిని కూడా ఉంది. 2016 మార్చిలో ఆమె చదువు ముగిసింది. ఆ నెలలోనే స్టేషన్ మూతపడింది. ఆ వార్త ప్రపంచమంతటా ఎందరి హృదయాలనో తాకింది.

స్టేషన్ విలువను టికెట్ల రాబడితో మాత్రమే కొలవలేము. రైలు అక్కడ ఆగే ఒక్క నిమిషం ఒక పల్లెకు బడిని, సంతను, ఆసుపత్రిని చేరువ చేస్తుంది. ఆ నిమిషం నిలిచి ఉన్నంతకాలమే ఆ పసుపు పలక మీది పేరుకు సార్థకత.