ఒకే పేజీ, రెండు తేదీలు

పిల్లలూ! ఒకే గోడగడియారాన్ని ఇద్దరు చూసి ఒకరు పది గంటలని, మరొకరు పదకొండని చెబితే మీరేమంటారు? ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారంటారు. లేదా ఒకరికి కళ్లజోడు కావాలంటారు. మా బడిలో ఒకసారి ఇటువంటి సంగతే జరిగింది. కాని ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే!

మా హైస్కూలుకు చిన్న వెబ్‌సైటు ఒకటి ఉంది. పాత విద్యార్థి ఒకరు తయారుచేసి ఇచ్చారు. దాని ఆలనాపాలనా నాది. ఒక ఏడాది గురువారం మొదలు కావలసిన ప్రీఫైనల్ పరీక్షలను ఒక రోజు ముందుకు జరిపి బుధవారం నుంచి పెట్టాం. మొదటి పరీక్ష భౌతికశాస్త్రం. శనివారం ఉదయం నేను వెబ్‌సైటులోని కాలపట్టికను మార్చాను. ఆ రోజే తరగతిలోనూ చదివి వినిపించాం. సోమ, మంగళవారాలు చదువుకోవడానికి సెలవు.

పదో తరగతి అమ్మాయి ఒకతె ఆ శనివారం జ్వరంతో బడికి రాలేదు. ఇంట్లో వాళ్ల నాన్న ఫోనులో కాలపట్టిక చూసుకుని, గురువారం పొద్దున పెన్నులూ అట్టా పట్టుకుని బడికి వచ్చింది.

"పరీక్ష నిన్ననే అయిపోయింది కదమ్మా!" అన్నాను.

"లేదు మాస్టారూ, పేజీలో గురువారమనే ఉంది" అంది. గొంతు వణుకుతోంది.

దాచడమెందుకు, నాకు కొంచెం కోపం వచ్చింది. కంప్యూటరు దగ్గరకు పిలిచి పేజీ తెరిచి చూపాను. బుధవారమని స్పష్టంగా ఉంది. ఆ పిల్ల ఏమీ అనకుండా ఫోను తెరిచి నా ముందు పెట్టింది. అందులో గురువారమని అంతే స్పష్టంగా ఉంది!

ఆ అమ్మాయికి మర్నాడు వేరే ప్రశ్నపత్రంతో పరీక్ష పెట్టాం. అది వేరే సంగతి. కాని ఒకే పేజీలో రెండు తేదీలు ఎలా వచ్చాయి? ఆ సాయంత్రం నేనూ, ఆ అమ్మాయీ, మరి ముగ్గురు పిల్లలూ కంప్యూటరు గదిలో కూర్చుని దాని సంగతి తేల్చాం. ఎలా తేల్చామో చెబుతాను, వినండి.

ముందుగా మీరు గ్రహించవలసింది ఒకటుంది. మనం "ఒకే పేజీ" అంటున్నాం గాని, నిజానికి అది ఒకటి కాదు. బడిలో నోటీసు ఎలా పెడతారో గుర్తు తెచ్చుకోండి. మాస్టారు మొదట తన డైరీలో రాసుకుంటారు. తరువాత నోటీసు బోర్డు మీద రాస్తారు. మీరు దాన్ని చూసి మీ నోటుబుక్కులో ఎక్కించుకుంటారు. అంటే మూడు ప్రతులు! మాస్టారు డైరీలో కొట్టివేసి దిద్దినంత మాత్రాన బోర్డు మారదు. బోర్డు మార్చినా, నిన్న రాసుకున్న మీ నోటుబుక్కు దానంతటది మారదు.

వెబ్‌సైటు కూడా ఇంతే. నా కంప్యూటరులో ఉన్న ఫైలు డైరీ వంటిది. ఎక్కడో దూరాన, రాత్రింబవళ్లు పనిచేస్తూ అడిగినవారికల్లా పేజీలు అందించే కంప్యూటరు ఉంటుంది. దాన్ని సర్వరు అంటారు. దాని మీది ఫైలు నోటీసు బోర్డు. చూసేవాడి ఫోనులోని బ్రౌజరు, మళ్లీ మళ్లీ తెచ్చుకొనే శ్రమ లేకుండా, ఒకసారి తెచ్చుకున్న పేజీని కొంతకాలం తన దగ్గరే దాచుకుంటుంది. ఆ దాపును క్యాష్ అంటారు. అదే మీ నోటుబుక్కు.

ఇక మా శోధన చూడండి. మొదటి తప్పు వెంటనే బయటపడింది. నేను ఆ అమ్మాయికి చూపినది సర్వరు మీది పేజీ కానే కాదు! నా ఫోల్డరులోని ఫైళ్లను రెండుసార్లు నొక్కి తెరిచాను. చిరునామా ఉండే గడిలో వెబ్‌సైటు పేరు లేదు, నా డిస్కులోని ఫోల్డరు పేరు ఉంది. అంటే డైరీ చూపించి బోర్డు మీద ఉందని వాదించానన్నమాట! అసలు చిరునామా కొట్టి తెరిస్తే నా కంప్యూటరులో కూడా గురువారమే వచ్చింది.

అయితే పాత ప్రతి క్యాష్‌లో ఉండిపోయిందేమో? కంట్రోలు మీట నొక్కిపట్టి ఎఫ్5 నొక్కితే, బ్రౌజరు తన దాపును పక్కన పెట్టి సర్వరును కొత్తగా అడుగుతుంది. నొక్కాం, గురువారమే. ఆ పేజీని ఎన్నడూ చూడని మరో ఫోను తెచ్చి తెరిచాం, అందులోనూ గురువారమే. కనుక తప్పు నోటుబుక్కుది కాదు. బోర్డే పాతది చూపిస్తోంది.

మరి నేను పంపిన ఫైలు సర్వరుకు చేరలేదా? ఫైళ్లను సర్వరుకు పంపడానికి ఎఫ్‌టీపీ అనే పద్ధతి ఒకటుంది. దీని తొలి నియమాలు రాసినవారు భారతీయులే. కాన్పూరు ఐఐటీలో చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో వాటిని వెలువరించారు. వెబ్ పుట్టడానికి ఇరవై ఏళ్లకు ముందు మాట! ఎఫ్‌టీపీ ప్రోగ్రాము తెరిచి చూస్తే సర్వరు ఫోల్డరులో నా ఫైలు కనిపించింది. కాని దాని పక్కన ఉన్న సమయం 4 గంటల 10 నిమిషాలు. నేను శనివారం దాన్ని మార్చి పంపింది ఉదయం 9 గంటల 40 నిమిషాలకు. "ఇది పాతదే మాస్టారూ, మీరు మార్చకముందుది" అన్నాడొక అబ్బాయి.

నేనూ ఒక నిమిషం నమ్మాను. తరువాత తేడా తీసి చూశాం: సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు! ఈ అంకె మీకు భూగోళంలో తగిలే ఉంటుంది. మన దేశపు సమయం అంతర్జాతీయ ప్రమాణ సమయం కంటె ఐదున్నర గంటలు ముందుంటుంది. సర్వరు గడియారాన్ని చాలామంది ఆ ప్రమాణ సమయానికే పెడతారు. కాబట్టి ఫైలు కొత్తదే. నిర్ధారణ కోసం దాన్ని వెనక్కు దించుకుని తెరిచాం. లోపల బుధవారమని ఉంది!

ఇప్పుడు చూడండి చిత్రం. సర్వరు మీద ఫైలు కొత్తది, సర్వరు ఇచ్చే పేజీ మాత్రం పాతది. కాసేపు ఎవరికీ ఏమీ తోచలేదు. ఫోల్డరులోని పేర్లను వరసగా కిందిదాకా చదువుకుంటూ పోయిన ఆ అమ్మాయే చివరికి "మాస్టారూ, టైంటేబుల్ రెండుసార్లు ఉంది" అంది.

నిజమే. పైన పెద్ద టీతో మొదలయ్యే "టైంటేబుల్" ఒకటి, ఎక్కడో అడుగున చిన్న టీతో మొదలయ్యేది మరొకటి! శనివారం ఫైలును భద్రపరిచేటప్పుడు పేరులో మొదటి అక్షరాన్ని పెద్దది చేశాను. ఇంగ్లీషు పేరు కదా, అందంగా ఉంటుందనుకున్నాను. మొదటి పేజీలోని లంకె మాత్రం చిన్న టీ ఉన్న పేరునే పిలుస్తోంది.

మన తెలుగు లిపిలో ఈ పేచీ లేదు. ఇంగ్లీషుకు పెద్ద ఏబీసీడీలు వేరు, చిన్న ఏబీసీడీలు వేరు. కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా దాచుకుంటుంది. పెద్ద టీ 84, చిన్న టీ 116. తేడా 32. ద్విసంఖ్యామానంలో రాస్తే మొదటిది 1010100, రెండవది 1110100. ఎడమనుంచి రెండో స్థానంలో సున్నా ఒకటి అయింది, అంతే! మేము వాడిన ప్రోగ్రాము ఈ అంకెల వరసలోనే పేర్లను పేరుస్తుంది గనుక 84 పైనా, 116 అడుగునా పడి ఒకదానికొకటి దూరమయ్యాయి.

నా కంప్యూటరులో నడిచేది విండోస్. అది ఫైలు పేరు వెతికేటప్పుడు మామూలుగా పెద్ద, చిన్న అక్షరాల తేడా పాటించదు. దాని పూర్వీకురాలైన ఎంఎస్-డాస్ ఫైళ్ల పేర్లన్నిటినీ పెద్ద అక్షరాల్లోనే దాచుకొనేది. ఆ సంప్రదాయం అలా వచ్చింది. కాని మా సర్వరు మీద నడిచేది లినక్స్. అది బెల్ లాబరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యూనిక్స్ బాటలో నడిచేది. దానికి 84 వేరు, 116 వేరు, పేర్లూ వేరు. అందుచేత నా కొత్త ఫైలు పాతదాన్ని తుడిచి దాని స్థానంలో కూర్చోలేదు. పక్కన మరో కుర్చీ వేసుకుని కూర్చుంది!

అక్కడ పాత ఫైలు లేకపోయి ఉంటే ఇంకా బాగుండేది. పేజీ దొరకలేదని 404 అనే అంకె అందరికీ కనబడేది, ఎవరో ఒకరు ఆ శనివారమే నన్ను అడిగేవారు. నోరుమూసుకుని పాతదే చూపించే తప్పు చాలా ప్రమాదకరమైనది, ఎవరికీ అనుమానం రాదు. సర్వరు మీది రెండు ఫైళ్లనూ తీసివేసి, నా ఫైలు పేరును చిన్న అక్షరాల్లోకి మార్చి మళ్లీ పంపాను. ఫోనులో బుధవారం వచ్చింది. అప్పటికి బుధవారం దాటిపోయిందనుకోండి!

పని అయింది కదా అని లేవబోతుంటే, బడి భవనం బొమ్మ రావడం లేదని పిల్లలు చూపించారు. బొమ్మ ఉండవలసిన చోట ఖాళీ గడి. ఈసారి పేరు సరిగానే ఉంది. పరిమాణం చూశాం. నా దగ్గర 5,83,214 బైట్లు, సర్వరు మీద 5,83,203. దారిలో పదకొండు బైట్లు జారిపోయాయి!

దీని కథ వెనుకటి టైపు మిషన్ల నుంచి వచ్చింది. టైపు మిషన్‌లో పంక్తి పూర్తి కాగానే రెండు పనులు చేయాలి: బండిని మొదటికి నెట్టాలి, కాగితాన్ని ఒక పంక్తి పైకి జరపాలి. టెలిప్రింటర్లకు ఈ రెండు పనులకూ రెండు సంకేతాలు ఉండేవి. కంప్యూటర్లలో వాటి అంకెలు 13, 10. విండోస్‌లో పంక్తి చివర ఈ రెండూ పెడతారు. యూనిక్స్, లినక్స్‌లలో 10 ఒక్కటే చాలు. అందుకని ఎఫ్‌టీపీలో అక్షరాల ఫైలు పంపే పద్ధతి ఎంచుకుంటే, 13, 10 జంట కనిపించినచోటల్లా 13 తొలగిపోతుంది. రాతకు దీనివల్ల నష్టం లేదు. 212 పంక్తుల పేజీ సర్వరు మీద 212 బైట్లు తక్కువ ఉంటే కంగారు పడనక్కరలేదు.

బొమ్మ సంగతి అలా కాదు. బొమ్మలో పంక్తులెక్కడివి? అందులో 13, 10 పక్కపక్కన వచ్చాయంటే అవి రంగుల లెక్కలో భాగాలు. ఒక్కటి తీసినా లెక్క చెడిపోతుంది. పీఎన్‌జీ అనే బొమ్మల పద్ధతిని రూపొందించినవారు దీన్ని ముందే ఊహించారు! అలాంటి ప్రతి బొమ్మా 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది అంకెలతోనే మొదలవుతుంది. మధ్యలో 13, 10 జంటను కావాలనే పెట్టారు. దారిలో ఎవరైనా 13ను తీసేస్తే మొదటి ఎనిమిది అంకెల్లోనే దొంగతనం తెలిసిపోతుంది. బొమ్మల్ని ఉన్నదున్నట్టు పంపే బైనరీ పద్ధతి ఎంచుకుని మళ్లీ పంపాం, భవనం వచ్చింది.

పేరు, పరిమాణం రెండూ కలిసినా లోపలిది ఒకటేనని చెప్పగలమా? చెప్పలేం. 5ను 9గా మార్చినా పరిమాణం మారదు కదా! దీనికొక ఉపాయం ఉంది. మీరూ చేసి చూడండి. 5, 9, 2 అనే అంకెల్ని మీ స్నేహితుడికి పంపి, వాటి మొత్తం 16 అని కూడా చెప్పండి. అతని దగ్గర మొత్తం 16 రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగింది. అయితే అతను 9, 5, 2 అని తారుమారుగా రాసుకున్నా మొత్తం 16 వస్తుంది. అందుచేత స్థానంతో గుణించి కలపండి. మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో గుణిస్తే 5+18+6, అంటే 29. తారుమారైతే 9+10+6, అంటే 25. దొరికిపోయింది!

కంప్యూటర్లు ఇటువంటి లెక్కనే మరెంతో చిక్కుగా చేస్తాయి. షా-256 అనే పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 64 గుర్తుల ముద్రగా మారుస్తుంది. లోపల ఒక్క కామా మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఇక్కడి ముద్ర, అక్కడి ముద్ర ఒకటైతే ఫైళ్లు ఒకటేనని నిశ్చింతగా నమ్మవచ్చు. ఇలా ముద్రలు పోల్చి, మారిన ముక్కల్ని మాత్రమే పంపే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామును 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్, పాల్ మకెరాస్ తయారుచేశారు. ఇప్పటికీ వాడుతున్నారు.

ఇప్పుడు మీకు రెండు లెక్కలు. ఒకటి: విండోస్‌లో 4,350 బైట్లున్న పేజీని అక్షరాల పద్ధతిలో పంపితే లినక్స్ సర్వరు మీద 4,263 బైట్లు అయింది. ఆ పేజీలో ఎన్ని పంక్తులు ఉన్నాయి? రెండు: ప్రమాణ సమయానికి పెట్టిన సర్వరు, ఒక ఫైలు 9వ తేదీ సాయంత్రం 6 గంటల 45 నిమిషాలకు వచ్చిందని చూపుతోంది. పంపినవారు మన దేశంలో ఉంటే, వారి గోడగడియారం అప్పుడెంత? గోడ మీది క్యాలెండరులో తేదీ ఎంత?

(జవాబులు: 87 పంక్తులు. అర్ధరాత్రి దాటి 15 నిమిషాలు, 10వ తేదీ.)