పంట నమోదు ఫారాలలో ఎంపికల సరిచూపు

తూర్పు గోదావరి జిల్లాలోని రావులపాలెం మండలం 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాలో చేరింది. ఇటువంటి మార్పు జరిగినప్పుడు పంట నమోదు ఫారాలలోని జాబితాలు కూడా మారాలి.

జిల్లాను ఎంచుకోగానే దాని మండలాలను, అరటిని ఎంచుకోగానే కర్పూర చక్కెరకేళి, అమృతపాణి, బొంత వంటి రకాలను చూపడం బ్రౌజరులోనే జరగవచ్చు. జాబితా ముందే ఫోనులో ఉంటే, సిగ్నలు బలహీనమైన తోటలోనూ పని ఆగదు. అయితే ఆ జాబితా పాతదై ఉండవచ్చు; పంపే వివరాలను మార్చివేయడమూ సాధ్యమే. కనుక ఆ మండలం ఆ జిల్లాలోనిదేనా, ఆ రకం ఆ పంటకు చెందినదేనా అన్నది సర్వరు తన పట్టికతో మళ్ళీ సరిచూడాలి. తప్పు కనబడితే కారణం తెలిపి, నింపిన మిగతా వివరాలు చెరగకుండా ఫారాన్ని తిరిగి చూపాలి. బ్రౌజరు సౌలభ్యం కోసం, సర్వరు నిర్ధారణ కోసం. పంట బీమాకు నమోదే ఆధారమైనచోట ఈ నిర్ధారణ లోపిస్తే నష్టపోయేది రైతే.