చక్కెర బిళ్ల కాపున్న సూది

ఇన్సులిన్ మాంసకృత్తు గావున, నోటితో మ్రింగినచో జీర్ణరసములకు చిక్కి విచ్ఛిన్నమైపోవును. 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్టులు దానిని వేరుచేసిన నాటినుండి మధుమేహ రోగులకు సూదిపోటు తప్పకుండుటకు ఇదియే హేతువు. అట్లయిన సూదినే మ్రింగింపరాదా యను సాహసాలోచనము నుండి పుట్టినది, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ట్రావర్సో, లాంగర్ ప్రభృతులు 2019లో వెల్లడించిన 'సోమా' యను చిన్ని గుళిక.

గుళిక జఠరములో ఎటు పడినను, అందలి సూదిమొన గోడవైపునకే తిరుగవలెను. కాని గుళికకు కన్ను లేదు, బ్యాటరీ లేదు. ఇందులకు మార్గము ఆఫ్రికాలోని లెపర్డ్ తాబేటి చిప్పయందు దొరకినది. నిటారుగా ఉబ్బిన ఆ చిప్ప, వెల్లకిల పడిన ప్రాణి తిరిగి బోర్లుకొనుటకు తోడ్పడును. ఆ రూపమునే కంప్యూటరు గణనలతో సవరించి, అడుగున బరువైన ఉక్కును, పైన తేలికైన ప్లాస్టిక్కును కూర్చిరి. తంజావూరు బొమ్మయు అడుగు బరువుచేతనే లేచి నిలుచును గాని తాకినంతనే ఊగులాడును. సోమా యన్ననో, జఠరమెంత కదలినను కుదురు తప్పదు.

నా మనస్సును మిక్కిలి హరించినది మాత్రము చక్కెర. సూదిని నెట్టుటకై నొక్కిపెట్టిన ఉక్కు స్ప్రింగును పట్టి ఉంచునది ఒక చక్కెర బిళ్ల! పైనున్న రంధ్రముల గుండ తడి చొరబడి బిళ్లను కరగించును. అది మెత్తబడి మెల్లగా వంగునదైనచో స్ప్రింగు బలము వ్యర్థమయ్యెడిది. పెళుసుది గావున, పలుచబడినంతనే ఫెళ్లున విరిగి, బలమంతయు ఒక్క క్షణములో సూదికి అందును. గడియారమును, గొళ్లెమును తానేయైన పదార్థమును ఇంతకన్న చవకగా ఎవరు సంపాదింపగలరు?

సూదిమొనయు లోహము కాదు. మాత్రలు చేయు పద్ధతిచేతనే ఎండించిన ఇన్సులిన్ పొడిని గట్టిగా అదిమి దానిని తయారుచేయుదురు. అది జఠరపు గోడలో దిగబడి, సుమారు గంటసేపటిలో కరిగి రక్తమున కలియును. నొప్పిని తెలుపు నాడులు ఆ పొరలో లేవు గనుక పోటు తెలియదని పరిశోధకుల విశ్వాసము. ఖాళీయైన గుళిక దేహమునుండి తానే వెడలిపోవును.

పందులపై జరిపిన పరీక్షలలో మొదట 300 మైక్రోగ్రాములు, పిదప 5 మిల్లీగ్రాముల వరకు ఇన్సులినును ఈయగలిగిరి. అదే సంవత్సరము మధుమేహమునకే వాడు సెమాగ్లుటైడ్ అను మందు మాత్ర, రసాయన సహాయముతో జఠరపు గోడను దాటు వేరొక త్రోవ త్రొక్కి, అమెరికాలో అనుమతి పొందినది. 2021 నాటికి సోమా వర్గమువారు ద్రవౌషధమును చిమ్ము గుళికను సయితము నిర్మించిరి.