అద్దె సైకిలు మీద ఒలింపిక్సుకు

సాయంత్రం పూట పిల్లవాడు బంతి చంకన పెట్టుకుని వీధిలోకి పరుగెత్తుతూంటే, “చదువూ సంధ్యా లేదట్రా నీకు?” అని తల్లి కేకవేయడం మన ఇళ్ళలో పరిపాటి. ఆ తల్లిని తప్పు పట్టలేము. ఆట కూడా అన్నం పెడుతుందని ఆమెకు ఎవరు చెప్పారు గనుక? కాని, మన జంటనగరాల నుంచే ఒక పేదింటి కుర్రవాడు అద్దె సైకిలు తొక్కుకుంటూ బయలుదేరి, రెండు ఒలింపిక్ క్రీడల్లో పాల్గొని, ఆసియా ఖండాన్ని గెలిచిన జట్టులో నిలబడ్డాడన్న సంగతి మనలో ఎందరికి తెలుసును? ఆయన పేరు తులసీదాస్ బలరాం.

నేను నాంపల్లిలో కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. పబ్లిక్ గార్డెన్సు దాటి, శాసనసభ పక్కగా ఆబిడ్సు వైపు వెళ్ళేటప్పుడు లాల్ బహదూర్ స్టేడియం గోడ వెంట నడవటం నాకు అలవాటు. 1967లో ఆ పేరు పెట్టకముందు దానిని ఫతే మైదానం అనేవారు. ‘ఫతే’ అంటే విజయం. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యాలు అక్కడ గుడారాలు వేశాయట. ఆ పేరు అప్పటిది. ఆ తరువాత నూరేళ్ళు కాదు, మూడు వందల యేళ్ళు గడిచినా ఆ పేరుకు తగ్గ అసలు విజయాలు తెచ్చిపెట్టినవారు మన ఫుట్‌బాల్ ఆటగాళ్ళే అంటాను నేను.

మొన్న ఒకనాడు ఆ గేటు దగ్గర నలుగురు కుర్రాళ్ళు బూట్లు విప్పుకుంటూ కూర్చుని ఉంటే పలకరించాను. “బలరాం పేరు విన్నారా బాబూ?” అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక కుర్రవాడు, “ఏ సినిమాల చేసిండు అంకుల్?” అన్నాడు. నవ్వు వచ్చింది, మనసు చివుక్కుమన్నది కూడా. ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం అదే.

ఆ రోజుల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే దేశమంతా జంకేది. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టే ఎగరేసుకు వచ్చింది. దాని వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. అందరూ రహీం సాహెబు అనేవారు. ఆయన నేర్పే తీరే వేరు. బలమైన కాలు ముట్టనీయకుండా కేవలం రెండవ కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని తనే తీసుకుపోకుండా వెంటనే జతగాడికి అందించాలని మరో రకం పోటీ. పంతులుగారు గదా, ఎడమచేతితో అక్షరాలు దిద్దించినట్టే దిద్దించారు!

రహీం సాహెబుకు పెద్ద దెబ్బ తగిలింది ఫిన్లండు దేశంలో. 1952లో హెల్సింకి నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. మన ఆటగాళ్ళలో పలువురు ఉత్త కాళ్ళతో ఆడేవారు. ఆ చలిదేశంలో యుగోస్లావియా జట్టు మనమీద 10 గోళ్ళు కొట్టింది. మనం కొట్టింది ఒక్కటి. ఆ పరాభవం తరువాతనే మన దేశంలో ఫుట్‌బాల్‌కు బూట్లు తప్పనిసరి అయినాయి. ఆ సంవత్సరం బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పదహారేళ్ళు నిండీ నిండని కుర్రవాడు. పుట్టింది 1936లో.

కొద్ది ఏళ్ళకు సికింద్రాబాదు మైదానాల్లో ఆ కుర్రవాడి ఆట రహీం సాహెబు కంటపడింది. హైదరాబాదుకు వచ్చి సాధన చేయమన్నారు. రావడానికి చేతిలో డబ్బులేవీ? రోజూ పది కిలోమీటర్లకు పైగా రావాలి, మళ్ళీ పోవాలి. ఆ సంగతి విని, రహీం సాహెబే తన జేబులోంచి సైకిలు అద్దెకు డబ్బులిచ్చారని బలరాం ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు. ఎందరో పిల్లల చదువులూ ఆటలూ ఇలాంటి చిన్న మొత్తాల దగ్గరే ఆగిపోతుంటాయి. ఇక్కడ ఆగలేదు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన జట్టులో బలరాం ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే! చివరకు నాలుగవ స్థానం దక్కింది. ఆ 1956-57లోనే హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. అందులోనూ బలరాం ఉన్నాడు.

మరుసటి ఏడు కలకత్తా పిలిచింది. ఫుట్‌బాల్ ఆటగాడికి కలకత్తా అంటే నాటకాలవాడికి సురభి కంపెనీ వంటిది. ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి, అక్కడి జనం తలకెక్కించుకునేటంత పేరు తెచ్చుకున్నాడు. 1961లో ఆ జట్టుకు నాయకుడయ్యాడు. ఆ ఏడు కలకత్తా లీగులో 23 గోళ్ళు కొట్టి అందరికంటే ముందు నిలిచాడు. ఎడమవైపు నిలబెట్టినా, నడుమ నిలబెట్టినా ఒకే తీరుగా ఆడేవాడు. తాను గోలు కొట్టడం ఎంత సుళువో, పక్కవాడి చేత కొట్టించడమూ అంత సుళువు. పి.కె. బెనర్జీ, చూనీ గోస్వామి, బలరాం - ఈ ముగ్గురూ కలిసి ముందుకు వస్తుంటే ఎదుటివాళ్ళకు కాళ్ళాడేవి కావు.

1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీద మనం 2-1 తేడాతో ఓడిపోయాము. ఆ ఒక్క గోలూ బలరాందే. ఆ హంగరీ జట్టు ఆ క్రీడల్లో కాంస్య పతకం తీసుకుందంటే, ఎంతటివారి మీద ఆ గోలు కొట్టాడో ఊహించవచ్చు. ఫ్రాన్సుతో 1-1 సమానంగా ముగించారు. పెరూ మీద ఓడిపోయారు. అక్కడా మన ఒక్క గోలు బలరాందే.

ఇక 1962 జకార్తా. ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయ్‌లండును, జపానును, దక్షిణ వియత్నామును వరసగా దాటి, సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియాకు ఎదురు నిలిచారు. రాజకీయ వివాదం ఒకటి రేగి, అక్కడి జనం మనవాళ్ళ మీద కోపంగా ఉన్నారు. లక్షమంది అరుపుల నడుమ ఆట. రహీం సాహెబును అప్పటికే క్యాన్సరు లోలోపల తినివేస్తున్నది. శిష్యులు గురుదక్షిణ చెల్లించారు. బెనర్జీ ఒకటి, తలకు గాయమై ఉన్న జర్నేల్ సింగ్ ఒకటి గోళ్ళు కొట్టగా 2-1తో మనం గెలిచాము. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు. రహీం సాహెబు 1963 జూన్ 11న కన్నుమూశారు. బలరాంకు 1962 సంవత్సరపు అర్జున పురస్కారం లభించింది.

ఇరవై ఆరేళ్ళు. చేతిలో బంగారం. ముందు ఇంకా ఎంతో ఆట ఉన్నదని ఎవరైనా అనుకుంటారు. ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే ప్లూరసీ జబ్బు ఆయనను పట్టుకుంది. ఊపిరి పీల్చితే పక్కటెముకల్లో పోటు. తొంభై నిమిషాలు పరుగెత్తేవాడికి ఊపిరే పెట్టుబడి గదా! 1963లో కలకత్తాలోనే బి.ఎన్.ఆర్. రైల్వే జట్టుకు మారాడు గాని, ఎంతోకాలం సాగలేదు. ఇరవై ఏడేళ్ళకే పెద్ద ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ ఫిన్లండు మళ్ళీ గుర్తుకు వస్తుంది. ఆ దేశంలో ఈరో మాంటీరాంటా అని బలరాం కంటే ఏడాది చిన్నవాడు ఉండేవాడు. కాళ్ళకు పొడుగాటి కొయ్య పలకలు కట్టుకుని మంచుమీద మైళ్ళ తరబడి సాగే స్కీ పందేల వీరుడు. బలరాం ఆట మానిన ఆ చలికాలంలోనే, 1964 ఇన్స్‌బ్రూక్ శీతాకాల ఒలింపిక్సులో ఆయన 15 కిలోమీటర్లు, 30 కిలోమీటర్లు రెండింటా బంగారు పతకాలు గెలిచాడు. మొత్తం ఏడు ఒలింపిక్ పతకాలు. ఆయన నెత్తుటిలో ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు పుట్టుకతోనే మామూలు మనిషికంటే ఎంతో హెచ్చు అని, అది వారి వంశంలోనే ఉన్నదని, 1993లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఒకరికి దేవుడు పుట్టుకతో ఇచ్చిన ఊపిరి, మరొకరికి నడివయసైనా రాకముందే తీసుకున్నాడు. ఇద్దరూ చెమటోడ్చినవాళ్ళే. ఆటగాడి జీవితంలో కష్టం ఎంతో, అదృష్టమూ అంతే అని మనం మరచిపోతుంటాము.

బలరాం మళ్ళీ హైదరాబాదుకు కాపురానికి రాలేదు. పెళ్ళి చేసుకోలేదు. రైల్వే ఉద్యోగం చేసుకుంటూ, కుర్రవాళ్ళకు ఆట నేర్పుతూ, హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో ఒంటరిగా కాలం గడిపాడు. జతగాళ్ళు బెనర్జీకి, గోస్వామికి పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. ఆ బాధ ఆయనకు ఉండేది. 2020లో మార్చిలో బెనర్జీ, ఏప్రిల్‌లో గోస్వామి వెళ్ళిపోయారు. ముగ్గురిలో మిగిలిన బలరాం 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ళ వయసులో కలకత్తాలో కన్నుమూశాడు.

ఆబిడ్సులో ఆదివారంనాడు పాతపుస్తకాలు బేరమాడే తండ్రులూ, పిల్లలకు బట్టలు కొనే తల్లులూ ఈసారి ఆ స్టేడియం పక్కగా వెళ్ళేటప్పుడు పిల్లలకు ఈ పేరు ఒక్కసారి చెప్పండి. అందరు పిల్లలూ బలరాంలు కారు, నిజమే. కాని, ఏ పిల్లవాడిలో ఏమున్నదో ముందుగా మనకెలా తెలుస్తుంది? రహీం సాహెబుకు కూడా తెలియదు. ఆయనకు తెలిసింది ఒక్కటే: కుర్రవాడు ఆట బాగా ఆడుతున్నాడు, సైకిలు అద్దెకు డబ్బులు లేవు. జేబులో చెయ్యి పెట్టారు.